తీగ నేల దిగిన కథ

1843 చివరి నెలల్లో అమెరికాలోని బాల్టిమోర్ నుంచి వాషింగ్టన్ వైపు, రైలు పట్టాల పక్కన ఒక కొత్తరకం నాగలి సాగింది. దాన్ని తయారుచేసినవాడు ఎజ్రా కార్నెల్. ఆ నాగలి నేలను చీలుస్తుంది, తీగలున్న సీసపు గొట్టాన్ని చాలులోకి దింపుతుంది, వెనకనే మట్టి కప్పేస్తుంది. టెలిగ్రాఫ్ తీగను భూమిలోంచి నడపాలన్నది శామ్యూల్ మోర్స్ సంకల్పం. అందుకు అమెరికా కాంగ్రెస్ 30,000 డాలర్లు మంజూరు చేసింది. కొన్ని మైళ్లు వేశాక పరీక్షించి చూస్తే గొట్టం లోపల తీగల తొడుగు పాడైందని తేలింది. పంపిన సంకేతం అవతలి కొసకు చేరకుండానే నేలపాలవుతోంది. డబ్బు కరిగిపోతోంది, పత్రికలవాళ్లు గమనిస్తున్నారు. పని ఆపడానికి ఏదో ఒక కారణం కనబడాలి కాబట్టి కార్నెల్ నాగలిని ఒక బండరాయికి తగిలించి విరగ్గొట్టాడు. ఆ విరామంలో మళ్లీ ఆలోచించి కర్రస్తంభాలు పాతారు, వాటిమీద తీగ లాగారు. 1844 మే 24న మొదటి అధికారిక సందేశం ఆ స్తంభాల మీదుగానే వెళ్లింది.

అంటే తీగ మొదట వెతుక్కున్న చోటు నేలే. స్తంభం అప్పటికి దొరికిన సర్దుబాటు మాత్రమే. ఆ సర్దుబాటు నూట ఎనభై ఏళ్లుగా మన వీధుల్లో నిలబడి ఉంది. దాన్ని తీసి తీగను మళ్లీ నేలలోకి పంపాలంటే రెండు విషయాలు కనిపెట్టాల్సి వచ్చింది. ఒకటి, తీగకు తడి తగలనివ్వని తొడుగు. రెండు, ఒక వీధిని పదిమంది ఎలా పంచుకోవాలన్న ఒప్పందం. మొదటిది ప్రయోగశాలల్లో ఎప్పుడో దొరికింది. రెండోది మాత్రం ప్రతి నగరమూ తనకు తానుగా కనిపెట్టుకోవాల్సిందే. దానికోసం చాలా నగరాలు ప్రాణాలతో వెల చెల్లించాయి.

తొడుగు సంగతి ముందు చూద్దాం. స్తంభం మీది తీగకు తొడుగు అక్కర్లేదు. చుట్టూ ఉన్న గాలే కరెంటును బయటికి పోనివ్వదు. స్తంభాన్ని ఆనుకునే చోట ఒక పింగాణీ ముక్క ఉంటే చాలు. నేలలో అలా కాదు. తీగలో ప్రతి అంగుళమూ తడిమట్టికి తగులుతుంది. ఎక్కడ ఒక్క బీట ఉన్నా కరెంటు అక్కడే నేలలోకి జారిపోతుంది.

మోర్స్ ఓడిపోయిన ఆ 1843లోనే మలయా ప్రాంతపు చెట్ల నుంచి కారే గట్టా పెర్చా అనే జిగురు నమూనాలు లండన్ చేరాయి. వేడిచేస్తే మెత్తబడి, చల్లారితే బిగుసుకుని, నీటిలో చెడిపోని పదార్థం అది. జర్మనీలో వెర్నర్ సీమెన్స్ 1847లో ఆ జిగురును తీగ చుట్టూ అతుకు లేకుండా పోతపోసే యంత్రం చేశాడు. మరుసటి ఏడాది బెర్లిన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా భూగర్భ టెలిగ్రాఫ్ లైను పని మొదలైంది. ఖర్చు తగ్గించాలని తీగను లోతు లేకుండా, పైన రక్షణ లేకుండా పాతారు. కొన్నాళ్లకే ఎలుకలు కొరికాయి, పలుగులు తగిలాయి, తొడుగు చెడింది. తొడుగు దొరికినంత మాత్రాన సరిపోదు, లోతూ రక్షణా కూడా కావాలన్నది ఆ లైను నేర్పిన పాఠం. ఈ పాఠాన్ని మన నగరాల్లో ఇప్పటికీ తవ్విన ప్రతిసారీ కొత్తగా నేర్చుకుంటున్నాం.

ఇక ఒప్పందం సంగతి. అది తెలియాలంటే 1880ల నాటి న్యూయార్క్ వీధిలో నిలబడాలి. టెలిగ్రాఫ్ కంపెనీలు, టెలిఫోన్ కంపెనీలు, దొంగతనాల హెచ్చరిక గంటల కంపెనీలు, ఆర్క్ దీపాల కంపెనీలు ఎవరి స్తంభాలు వారు పాతుకున్నారు. కొన్ని స్తంభాలు 90 అడుగుల ఎత్తు. వాటికి అడ్డంగా వరసలు వరసలుగా కర్రలు, కర్రకర్రకూ తీగలు. మూతబడిన కంపెనీల తీగలనూ ఎవరూ తీసేవారు కాదు. వీటి మధ్య ఆర్క్ దీపాల తీగల్లో మనిషిని చంపగల ఒత్తిడితో కరెంటు ప్రవహించేది.

అదే నగరంలో థామస్ ఎడిసన్ మొదటినుంచీ నేల కిందే పని చేశాడు. నీళ్ల గొట్టాలనూ గ్యాస్ గొట్టాలనూ ఎవరూ కొయ్యకాళ్ల మీద నిలబెట్టరు కదా, కరెంటును మాత్రం ఎందుకు నిలబెట్టాలి అన్నది ఆయన వాదన. ఇరవై అడుగుల ఇనుప గొట్టంలో అర్ధచంద్రాకారపు రాగి కడ్డీలు పెట్టి, ఒకదానికొకటి తగలకుండా తాడు చుట్టి, తారు లాంటి మిశ్రమాన్ని కాచి పోసేవారు. గొట్టానికీ గొట్టానికీ మధ్య ఒక జాయింటు పెట్టె. ఎడిసన్ నమ్మకస్తుడు జాన్ క్రూజీ ఈ పనిని దగ్గరుండి చూశాడు. దాదాపు 14 మైళ్ల పొడవున వీధులు తవ్వి గొట్టాలు పరిచాక, 1882 సెప్టెంబర్ 4న పర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి కరెంటు వదిలారు. ఇబ్బందులు రాకపోలేదు. ఒకచోట జాయింటు నుంచి కరెంటు తడినేలలోకి కారి, ఆ దారిన వచ్చిన గుర్రాలకు షాకు కొట్టింది. అయినా భూగర్భ వ్యవస్థ నగర వీధుల్లో పనిచేస్తుందని రుజువైంది.

రుజువు కళ్లెదుట ఉన్నా మిగతా కంపెనీలు కదల్లేదు. 1884లో న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది. పెద్ద నగరాల్లో తీగలన్నీ 1885 నవంబర్ 1లోగా నేలలోకి వెళ్లాలి. గడువు వచ్చింది, పోయింది. ప్రతి కంపెనీకీ విడివిడిగా వీధి తవ్వే అవకాశమిస్తే వీధే మిగలదు గనుక, అందరికీ ఉమ్మడిగా ఒకే గొట్టపు మార్గం వేయడానికి ఒక సంఘాన్ని నియమించారు. ఆ మార్గాల్లోకి మారమంటే కంపెనీలు కోర్టులకు వెళ్లాయి. 1888 మార్చిలో వచ్చిన మంచుతుపానులో స్తంభాలు విరిగి, తీగలు తెగి వీధుల్లో పడ్డాయి. నగరానికి బయటి ప్రపంచంతో సంబంధాలు తెగిపోయాయి. అప్పటికీ పని నత్తనడకే.

1889 అక్టోబర్ 11న మధ్యాహ్నం జాన్ ఫీక్స్ అనే లైన్‌మన్ చేంబర్స్ వీధిలో స్తంభమెక్కాడు. ఆయన వెస్టర్న్ యూనియన్ టెలిగ్రాఫ్ కంపెనీ మనిషి. ఆయన పట్టుకున్న టెలిగ్రాఫ్ తీగలో మామూలుగా ప్రమాదకరమైన కరెంటు ఉండదు. కానీ అది ఎక్కడో దూరాన ఒక దీపాల తీగకు తగిలి ఉంది. భోజన వేళ కావడంతో వీధి నిండా జనం. వారందరి కళ్లముందే ఆయన తీగల మధ్య చిక్కుకుని చనిపోయాడు. దేహాన్ని కిందికి దించడానికి దాదాపు గంట పట్టింది. ఆయన కుటుంబం కోసం జనం అక్కడికక్కడే చందాలు వేశారు. ఆ తర్వాత మేయర్ హ్యూ గ్రాంట్ ప్రమాదకరమైన తీగలను తొలగించమని ఆదేశించాడు. కంపెనీలు తెచ్చుకున్న కోర్టు నిలుపుదల డిసెంబర్‌లో తొలగిపోగానే కార్మికులు గొడ్డళ్లతో స్తంభాలు నరికారు. ఐదేళ్లుగా కాగితం మీద ఉన్న చట్టం అమలయ్యేందుకు ఒక లైన్‌మన్ ప్రాణం పోవాల్సి వచ్చింది. ఈ ఒక్క మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇదే కాలంలో లండన్‌లో సెబాస్టియన్ డి ఫెరాంటి అనే యువ ఇంజనీరు డెప్ట్‌ఫర్డ్ విద్యుత్ కేంద్రం నుంచి 10,000 వోల్టుల కరెంటును నేల కింద నగరంలోకి తేవాలనుకున్నాడు. అంత ఒత్తిడిని తట్టుకునే కేబుల్ మార్కెట్లో లేదు. ఒకదానిలో ఒకటి ఇమిడే రాగి గొట్టాల మధ్య మైనంలో నానబెట్టిన కాగితాన్ని చుట్టి తానే తయారుచేయించాడు. దాని భద్రతపై అనుమానాలు వస్తే, కరెంటు ప్రవహిస్తున్న కేబుల్‌లోకి ఉలి దింపించి చూపించాడు. ఆ ఉలిని పట్టుకున్నది ఆయన సహాయకుడే. బయటి గొట్టం భూమికి కలిపి ఉండటం వల్ల అతనికి ఏమీ కాలేదు. నేటికీ హెచ్‌టీ (హై టెన్షన్) కేబుల్ లోపల భూమికి కలిపిన లోహపు పొర ఉండటం వెనక ఉన్న సూత్రం ఇదే. నూనె పట్టించిన కాగితం, దానిపైన సీసపు తొడుగు ఆ తర్వాత చాలా దశాబ్దాలు నగరాల నేల కింద రాజ్యమేలాయి.

కాగితపు కేబుల్ మన్నికైనదే, కానీ బరువు. దాన్ని అతకడం నేర్పరులకే చేతనయ్యే పని. సీసానికి ఒక్క గాటు పడినా తడి లోపలికి పాకుతుంది. 1933లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ ప్రయోగశాలలో అనుకోకుండా పుట్టిన పాలిథీన్ దీనికి దారి చూపింది. అది తడిని రానివ్వదు గానీ వేడికి మెత్తబడిపోతుంది. 1963లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధకులు గిల్బర్ట్, ప్రికోపియో ఆ లోపాన్ని సరిదిద్దారు. పెరాక్సైడ్ కలిపి వేడిచేస్తే పాలిథీన్ అణుమాలలు ఒకదానికొకటి అడ్డంగా ముడిపడతాయి. అప్పుడది కరగదు. అదే ఎక్స్‌ఎల్‌పీఈ. లోపలి తీగ 90 డిగ్రీల దాకా వేడెక్కినా అది నిలుస్తుంది. ఇప్పుడు మన వీధుల్లో పెద్ద పెద్ద డ్రమ్ములకు చుట్టి దించే నల్లని కేబుళ్లలో ఉండే తొడుగు ఎక్కువగా ఇదే.

మరో అడ్డంకి తవ్వకం. రద్దీ రోడ్డును నిలువునా చీల్చకుండా పని కావాలి. 1971లో మార్టిన్ చెరింగ్టన్ కాలిఫోర్నియాలో పహారో నది కింద, దిశ మార్చుకుంటూ పోయే డ్రిల్లుతో గ్యాస్ గొట్టం దాటించాడు. ఆ పద్ధతే పెరిగి హెచ్‌డీడీ అయింది. ఒక గోతిలోంచి దిగిన డ్రిల్లు రోడ్డు కింద పాకి అవతలి గోతిలో తేలుతుంది, వెనక్కి వస్తూ పైపును లాక్కొస్తుంది.

ఇలా తొడుగు, డ్రిల్లు, అనుభవం అన్నీ సిద్ధంగా ఉన్న కాలంలోనే 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖపట్నం నగరం మీదికి వచ్చింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల దరిదాపుల్లో వీచింది. చెట్లు తీగల మీద పడ్డాయి, తీగలు స్తంభాలను లాగేశాయి. కరెంటు లేక నీళ్ల పంపులు ఆగాయి, ఫోన్లు మూగబోయాయి. ఇతర జిల్లాల నుంచి వచ్చిన విద్యుత్ సిబ్బంది రాత్రింబవళ్లు పనిచేసినా అన్ని కాలనీలకూ వెలుగు తిరిగి రావడానికి రోజులు పట్టింది. తుపాను తీరంలో ఉన్న నగరం మళ్లీ అవే స్తంభాలు పాతుకుని తరువాతి తుపాను కోసం ఎదురుచూడాలా అన్న ప్రశ్న అప్పుడు గట్టిగా వినిపించింది. 2015లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ పథకానికి 25 కోట్ల డాలర్ల రుణం ఆమోదించింది. విశాఖ విద్యుత్ లైన్లను భూగర్భంలోకి మార్చడం అందులో ఒక ముఖ్య భాగం. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఆ పనిని దశలవారీగా చేపట్టింది.

పని క్రమం బయటివారికి అర్థం కాదు గనుక కొంచెం చెప్పాలి. ముందు రోడ్డు కింద ఏముందో వెతకాలి. మంచినీటి పైపు, డ్రైనేజీ, టెలిఫోన్ కేబుళ్లు, కొన్నిచోట్ల లెక్కల్లో లేనివి కూడా ఉంటాయి. భారతీయ ప్రమాణం ప్రకారం ఎల్‌టీ (లో టెన్షన్) కేబుల్‌కు 0.75 మీటరు, 11 కేవీకి 0.9 మీటరు, 33 కేవీకి 1.05 మీటర్ల లోతు కావాలి. నేరుగా పాతే చోట కింద ఇసుక పరచి, పైన ఇటుకో పలకో కప్పి, హెచ్చరిక టేపు వేస్తారు. స్తంభం మీది స్విచ్చులకు బదులు వీధి పక్కన రింగ్ మెయిన్ యూనిట్ పెట్టెలు వస్తాయి. ఒక వైపు కేబుల్ చెడితే అవతలి వైపు నుంచి కరెంటు ఇవ్వడానికి అవి దారి. ఆ తర్వాత ఇంటింటి సర్వీసు మార్చాలి. పాత తీగలు, స్తంభాలు తీసేది అన్నిటికన్నా చివర. అందుకే తవ్వకం ముగిసి నెలలు గడిచినా స్తంభం అలాగే కనబడి జనం విసుక్కుంటారు.

ఖర్చు విషయంలో దాపరికం అక్కర్లేదు. భూగర్భ లైనుకు పై లైనుకంటే కొన్ని రెట్లు ఎక్కువవుతుంది. పై లైనులో కొమ్మ తగిలి వచ్చే అంతరాయం చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది. నేలలో ఫాల్ట్ వస్తే అది సర్దుకోదు. కేబుల్‌లోకి విద్యుత్ స్పందనలు పంపి, అవి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం లెక్కగట్టి, అక్కడ తవ్వి కొత్త జాయింటు వేయాలి. ఆ జాయింటులో చెమ్మ చేరితే మళ్లీ అదే బాధ. కాబట్టి కేబుల్ ఎంత గొప్పదైనా, జాయింటు వేసే చేతి నైపుణ్యం, ఏది ఎక్కడుందో చెప్పే మ్యాపు, ఈ రెండే వ్యవస్థకు ప్రాణం. మ్యాపు లేకుండా పాతిన కేబుల్‌ను రేపు మరో శాఖ జేసీబీ తెంపుతుంది.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు సోకి ఐదుగురు చనిపోయారు. వెంటనే నగరమంతటా స్తంభాలకు వేలాడుతున్న ఇంటర్నెట్, టీవీ కేబుళ్ల తొలగింపు మొదలైంది. ఇంటర్నెట్ ఆగి జనం ఇబ్బంది పడ్డారు, ఒక టెలికాం సంస్థ హైకోర్టుకు వెళ్లింది. న్యూయార్క్‌లో 1889లో జరిగిన వరసే ఇది. మరణం, ఆగ్రహం, తొలగింపు ఆదేశం, కోర్టు. అక్కడ ఆ వరస తర్వాత నిలిచింది ఉమ్మడి మార్గం. 1891 నుంచి టెలికాం తీగల కోసం ఒకే సంస్థ వీధుల కింద గొట్టాల దారులు నిర్వహిస్తుంది, కంపెనీలు అద్దె కట్టి తమ తీగలు అందులో నడుపుకుంటాయి. ఎవరి గోతి వారు తవ్వుకునే పద్ధతి అలా ముగిసింది.

మన దగ్గర తక్కువైనది ఇదొక్కటే. కేబుల్ మన దేశంలోనే తయారవుతోంది. డ్రిల్లు వీధి చివర అద్దెకు దొరుకుతోంది. కానీ కొత్తగా సిమెంటు రోడ్డు వేసేటప్పుడు దాని కింద అందరికీ పనికొచ్చే ఖాళీ గొట్టాలు వేయాలని, వాటి మ్యాపు ఒకే కార్యాలయంలో అన్ని శాఖలకూ అందుబాటులో ఉండాలని నియమం చేసి దాన్ని పాటిస్తే, ఆ తర్వాత తీగను నేల దించడం సులువవుతుంది, ఖర్చూ తగ్గుతుంది. రోడ్డు వేసిన మర్నాడు తవ్వే అలవాటుకు మనం ఇప్పటికే అంతకు మించి చెల్లిస్తున్నాం. మీ వీధికి కొత్త రోడ్డు మంజూరైతే కార్పొరేటర్‌ను ముందుగా అడగాల్సిన మాట ఇదే: దీని కింద కేబుల్ గొట్టాలు వేస్తున్నారా? తుపానో ప్రమాదమో వచ్చేదాకా ఆగకుండా ఈ ప్రశ్నను మామూలు రోజున అడిగే నగరం, న్యూయార్క్ ప్రాణాలిచ్చి నేర్చుకున్నదాన్ని ఎవరి ప్రాణమూ పోకుండా సాధించుకుంటుంది.