పారిస్ ప్రహసనం, బ్రాడ్‌వే పాట

న్యూజెర్సీలోని పార్సిప్పనీలో బస్సెక్కి మన్‌హాటన్‌లోని పోర్ట్ అథారిటీ స్టేషన్‌లో దిగితే, న్యూ ఆమ్‌స్టర్‌డామ్ థియేటర్ నాలుగడుగుల దూరం. 2014లో మొదలైన డిస్నీవారి ‘అలాద్దీన్’ చూడ్డానికి మనవాళ్లు పిల్లల్ని తీసుకుని వెళ్లేది అక్కడికే. 1911 మార్చి 13న ‘ది పింక్ లేడీ’ అనే సంగీత హాస్య నాటకం బ్రాడ్‌వే ప్రేక్షకులకు పరిచయమైంది కూడా ఆ వేదిక మీదే.

మూలం జార్జ్ బెర్, మార్సెల్ గియెమో కలిసి రాసిన ఫ్రెంచి ప్రహసనం ‘ల సాతీర్’. సి.ఎం.ఎస్. మెక్‌లెలన్ దాన్ని ఇంగ్లీషు చేసి మాటలూ పాటలూ రాశాడు. బాణీలు ఐవన్ కారిల్‌వి. ఆయన బెల్జియంలో పుట్టి, లండన్ నాటకశాలల్లో పేరు తెచ్చుకున్న మనిషి.

కథంతా ఒక్క రోజులో నడుస్తుంది. పెళ్లి కుదిరిన లూసియెన్, పాత స్నేహితురాలు క్లాదీన్‌ని కాంపియేన్ అడవిలోని హోటల్‌కి భోజనానికి తీసుకెళ్తాడు. కాబోయే భార్య అక్కడే ఎదురవుతుంది. తప్పించుకోడానికి, క్లాదీన్ ఫలానా పాతసామాన్ల వ్యాపారి భార్య అని బొంకుతాడు. ఆ అడవిలో ఆడవాళ్లకు ముద్దుపెట్టి పారిపోయే ఆగంతకుడొకడు తిరుగుతున్నాడు. చివరికి ఆ ఆగంతకుడన్న పేరు కూడా, పాపం, ఆ వ్యాపారి నెత్తినే పడుతుంది.

క్లాదీన్‌గా వేసిన హేజెల్ డాన్ వేదిక మీద స్వయంగా వయొలిన్ వాయించేది. ‘మై బ్యూటిఫుల్ లేడీ’ వాల్ట్స్ ఊరంతా మోగింది. ఆ ఏడు గులాబీరంగు బట్టలే ఫ్యాషన్. నాటకం 312 సార్లు ఆడి, 1912లో లండన్ వెళ్లింది.

ఇందులో పాటలు చాలావరకు కథలోంచే పుడతాయి. ఆ రోజుల్లో అది అరుదు. మన పద్యనాటకాల్లో నటుడు రాగం తీస్తే జనం ‘వన్స్‌మోర్’ అనేవారు, కథ ఆగి నిలబడేది. అదొక వైభవం. ఇది మరొక దారి.

రాజమండ్రిలో భమిడిపాటి కామేశ్వరరావు ఫ్రెంచి రచయిత మోలియర్ ప్రహసనాలను తెలుగు చేసినప్పుడూ జరిగింది మెక్‌లెలన్ చేసినలాంటి పనే. పరాయి కథ మన పలుకుబడిలో ఒదిగింది. ఇతివృత్తాన్ని ఎవరి దగ్గరైనా తీసుకోవచ్చు. అందులో నవ్వించే మాట, పాడించే సందర్భం మాత్రం మనమే పుట్టించాలి. న్యూజెర్సీలో తెలుగు నాటకం వేయాలనుకునేవాళ్లకు ‘పింక్ లేడీ’ నేర్పే పాఠం ఇదే.