పడుగు ఒక ఫోటో, పేక ఇంకో ఫోటో

మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి జాకార్డు మగ్గం కథ కొత్తేం కాదు. ఇంజనీరింగ్ ఫస్టియర్లో కంప్యూటర్ల చరిత్ర అనే చాప్టర్‌లో రెండు లైన్లుంటుంది. చిల్లుల అట్టలు, వాటిని చూసి బాబేజ్‌కి వచ్చిన ఆలోచన, ఆ తర్వాత పంచ్ కార్డులు, ఐబీఎమ్... రెండు మార్కుల ప్రశ్న, అంతే. కానీ ఆ మగ్గానికి ఇంకో దగ్గరి చుట్టం కూడా ఉంది. ఆ చుట్టం గురించి ఏ సిలబస్‌లోనూ నాకు తగల్లేదు. అది ఫోటో.

1839 సంగతి చూడండి. ఆ ఏడు పారిస్‌లో డాగైర్ ఫోటో తీసే పద్ధతి లోకానికి తెలిసింది. అదే ఏడు అదే దేశంలో, లియోన్ అనే పట్టు నేత ఊళ్ళో, కార్కిలా అనే నేతగాడు జాకార్డు బొమ్మని పట్టుదారంతో నేశాడు. జాకార్డు అప్పటికే పోయి ఐదేళ్ళయింది. ఆ ఒక్క బొమ్మకి దాదాపు 24 వేల చిల్లుల అట్టలు పట్టాయి. బాబేజ్ దాన్ని ఒకటి సంపాదించి ఇంట్లో పెట్టుకున్నాడు. చూసినవాళ్ళు అది లోహపు పలక మీద చెక్కి అచ్చేసిన బొమ్మ అనుకునేవాళ్ళు, గుడ్డ అంటే నమ్మేవాళ్ళు కాదు.

ఇంగ్లండులో టాల్బట్‌ది దీనికి సరిగ్గా రివర్సు. మందు పూసిన కాగితం మీద లేసు ముక్క పెట్టి, ఎండలో ఉంచి బొమ్మ తీశాడు. దాన్ని కాస్త దూరంగా పట్టుకుని ఎలా ఉందని అడిగితే, మమ్మల్ని అంత తేలిగ్గా బోల్తా కొట్టించలేవు, అది అసలు లేసే కదా అన్నారట. అంటే గుడ్డని చూసి కాగితం అనుకున్నవాళ్ళూ, కాగితాన్ని చూసి గుడ్డ అనుకున్నవాళ్ళూ ఒకే కాలంలో ఉన్నారన్నమాట. అక్కడితో ఆగలేదు. 1852లో ఇదే టాల్బట్, ఫోటోని లోహపు పలక మీదకి ఎక్కించడానికి మధ్యలో పల్చటి జాలీ గుడ్డ అడ్డం పెట్టే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత పేపర్లలో ఫోటోలు అచ్చు వేసిన హాఫ్‌టోన్ చుక్కలకి మూలం ఈ ఆలోచనే. పిక్సెల్‌కి ముత్తాత ఎవరని నన్నడిగితే ఆ జాలీ గుడ్డ పేరే చెప్తాను.

ఇంతకీ రెండు రంగుల దారంతో ముఖం మీద నీడ ఎలా వస్తుంది? పడుగు నలుపు, పేక తెలుపు అనుకోండి. శాటిన్ నేతలో ప్రతి ఎనిమిది పడుగు పోగుల్లో ఒకటే పైకి లేస్తే అక్కడ గుడ్డ దాదాపు తెల్లగా ఉంటుంది. ఏడు లేస్తే దాదాపు నల్లగా ఉంటుంది. ఒకటి నుంచి ఏడు వరకు ఏడు ఛాయలు వస్తాయి. సున్నా, ఎనిమిది మాత్రం కుదరవు. ఎందుకంటే పోగు ఎక్కడో ఒకచోట కిందకి దిగి ముడి పడకపోతే అది గుడ్డే కాదు, ఊడిపోయే దారాల కట్ట. అందుకే ఒంటి పొర నేతలో అచ్చమైన నలుపూ ఉండదు, అచ్చమైన తెలుపూ ఉండదు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే.

1990ల్లో నార్వే నుంచి టీసీ-1 అనే మగ్గం వచ్చింది. కంప్యూటర్ ఒక్కో పడుగు పోగునీ విడివిడిగా ఎత్తుతుంది, నాడె మాత్రం మనిషే విసరాలి. కాలిఫోర్నియాలో లియా కుక్ అనే ఆవిడ ఇలాంటి మగ్గం మీదే తన చిన్ననాటి ఫోటోల్ని మనిషికన్నా పెద్దగా నేసింది. దూరం నుంచి చూస్తే పసిపిల్ల ముఖం, దగ్గరకెళ్తే ముఖం మాయమై దారాలే మిగులుతాయి. 2010 ప్రాంతంలో ఆవిడ పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో మెదడు శాస్త్రవేత్తలతో కలిసి, ఫోటోలో ముఖాన్నీ అదే ముఖాన్ని నేతలోనూ చూసినప్పుడు మెదడు స్పందన ఎలా ఉంటుందో పరిశీలించింది. తర్వాత మెదడులో నరాల దారుల స్కానింగ్ బొమ్మల్ని కూడా ఆ ముఖాల్లో కలిపి నేసింది.

కంప్యూటర్ పోగులెత్తితే అదేం చేనేత అని అడిగేవాళ్ళుంటారు. మన 1985 చేనేత రిజర్వేషన్ చట్టం ప్రకారం చూస్తే పవర్‌లూమ్ కానిదల్లా చేనేతే. ధర్మవరం పట్టుచీర మగ్గం మీద వేలాడే అట్టల దండ కూడా పోగుల్ని ఎన్నుకునే యంత్రమే కదా. పోచంపల్లి వాళ్ళు ఇంకో దారి పట్టారు. బొమ్మంతా ముందే గ్రాఫ్ కాగితం మీద గీసి, చిటికి కట్టి, రంగు దారానికే అద్దేస్తారు. అంటే మగ్గం ఎక్కేసరికే ప్రోగ్రామ్ అంతా దారంలో ఉంటుంది. అయినా నేసేటప్పుడు పోగు ఓ వెంట్రుకవాసి జరుగుతుంది, ఆ అంచుల మసక అక్కణ్ణుంచే వస్తుంది.

మగ్గమే లేకుండా ఫోటోని నేసినాయన ఇంకొకడున్నాడు. దిన్ క్యూ లే. 1968లో వియత్నాంలో, కంబోడియా సరిహద్దు దగ్గర హా తియెన్ అనే ఊళ్ళో పుట్టాడు. 1978లో ఖ్మేర్ రూజ్ దాడులకి భయపడి కుటుంబమంతా ఊరొదిలి పారిపోయి చివరికి అమెరికా చేరింది. అక్కడ ఫోటోగ్రఫీ చదివాడు. చిన్నప్పుడు వాళ్ళ అత్తయ్య గడ్డి చాపలు అల్లుతుంటే చూసి నేర్చుకున్నాడు. ఆ చాప అల్లికతోనే, రెండు పెద్ద ఫోటోల్ని సన్నటి పట్టీలుగా కోసి, ఒకటి పడుగుగా ఒకటి పేకగా అల్లడం మొదలెట్టాడు.

ఏ ఫోటోలు? ఒకటి ఆంగ్‌కోర్ గుళ్ళ శిల్పాలు. రెండోది నాం పెన్‌లో తువోల్ స్లెంగ్ జైలు ఫోటోలు. ఆ జైలు అంతకుముందు బడి. 1975-79 మధ్య కనీసం 14 వేల మందిని అక్కడికి తెచ్చారు, బతికి బయటపడ్డవాళ్ళు చాలా కొద్దిమంది. తెచ్చిన ప్రతివాణ్ణీ ముందు నిలబెట్టి ఫోటో తీసేవాళ్ళు. అంటే ఆ ముఖాల్ని చివరిసారి చూసిన కెమెరా చంపినవాళ్ళదే.

ఇదే పని ఫోటోషాప్‌లో చెయ్యాలంటే మనకి రెండు నిమిషాలు. పై లేయర్ ఒపాసిటీ 50 పెడితే సరి. కానీ అప్పుడు రెండు బొమ్మలూ కలిసిపోయి బూడిద రంగు ముద్ద అవుతుంది. అల్లికలో అలా కలవవు. ఏ గడి చూసినా పైన ఉండేది ఒక్కటే, గుడి రాయో మనిషి కన్నో. రెండోది చెరిగిపోలేదు, దాని కిందే ఉంది. ఆ దేశం గురించి ఇంతకన్నా నిక్కచ్చిగా ఎలా చెప్తారో నాకైతే తెలీదు. చచ్చిపోయినవాళ్ళ ముఖాల్ని కోసి, అల్లి, గ్యాలరీలో అమ్మొచ్చా అంటే... ఆ ప్రశ్న నన్నూ వదల్లేదు. వాళ్ళు ఆ ఫోటోకి ఒప్పుకోలేదు, ఈ అల్లికకీ ఒప్పుకోలేదు. కానీ జైలు ఫైల్లో నంబరుగా ఉన్న ముఖాన్ని వాళ్ళ పూర్వీకుల గుడి గోడలోకి తీసుకెళ్ళడం, హంతకుడి ఫ్రేమ్‌లోనే వదిలెయ్యడంకన్నా మేలనే నేను అనుకుంటున్నాను.

90ల్లో ఆయన తిరిగి వియత్నాం వెళ్ళిపోయాడు, హో చి మిన్ సిటీలోనే స్థిరపడ్డాడు. పారిపోయేటప్పుడు కుటుంబం ఫోటోలన్నీ అక్కడే ఉండిపోయాయి. పాతసామాన్ల కొట్లలో, అలా జనం వదిలేసి పోయిన ఫోటోల గుట్టల్లో తమవి ఏమైనా దొరుకుతాయేమోనని వెతికేవాడు. ఆ వెతుకులాటలో కొన్న ఎవరెవరివో ఫోటోల్ని దారంతో ఒకదానికొకటి కుట్టి, 1998లో పెద్ద బొంతలా పైనుంచి వేలాడదీశాడు. ముందు నుంచి చూస్తే పెళ్ళిళ్ళు, పిల్లలు, బడి ఫోటోలు. వెనక్కి వెళ్ళి చూస్తే ఫోటోల వీపుల మీద చేతిరాత. 2024 ఏప్రిల్‌లో అదే ఊళ్ళో ఆయన పోయాడు.