సూదంటురాయిని ఎక్కడ దాచాలి?

మా మామయ్యగారికి గుండె దగ్గర పేస్‌మేకర్ అమర్చి నాలుగేళ్ళయింది. మొన్న సంక్రాంతికి వచ్చి తిరుగు ప్రయాణమవుతూ, చరవాణిని ఛార్జి చేసే గుండ్రటి బిళ్ళను తీగతో సహా చుట్టి ఎడమవైపు చొక్కా జేబులో వేసుకున్నారు. నేను కంగారుపడి వారిస్తే, "ప్లగ్గులోంచి తీసేశాను కదరా, ఇంకేం చేస్తుంది?" అన్నారు. ప్రశ్న చిన్నదే. జవాబు కోసం నాలుగు శతాబ్దాలు వెనక్కి వెళ్ళవలసి వచ్చింది.

సూదిని అంటించుకునే రాయి గనుక మనవారు దానిని సూదంటురాయి అన్నారు. ఆంగ్ల వైద్యుడు విలియం గిల్బర్ట్ 1600లో అయస్కాంతం గురించి ప్రకటించిన లాటిన్ గ్రంథంలో, ఆ రాయికి ఇనుప టోపీ తొడిగితే పట్టు పెరుగుతుందని వివరించాడు. తరువాతి కాలంలో ఉక్కు అయస్కాంతాలు వచ్చాయి. వాటికొక బలహీనత ఉండేది. ఊరికే వదిలేస్తే క్రమంగా శక్తి కోల్పోయేవి. అందుకని లాడం ఆకారపు అయస్కాంతం రెండు కొనలనూ కలుపుతూ మెత్తని ఇనుప ముక్క ఒకటి పెట్టి దాచేవారు. దండాయస్కాంతాలనైతే జంటగా, వ్యతిరేక ధ్రువాలు పక్కపక్కన ఉండేట్లు అమర్చి, రెండు చివరలా ఇనుప పట్టీలు ఉంచేవారు. బడిలో ప్రయోగశాల చెక్కపెట్టెలు చూసినవారికి ఇది గుర్తుండే ఉంటుంది. ఆనాటి జాగ్రత్త అంతా అయస్కాంతానికి ఏమవుతుందోనని.

ఇక ఛార్జర్ వంశవృక్షంలో రెండవ కొమ్మ. 1831 ఆగస్టు 29న మైకేల్ ఫారడే ఒక ఇనుప వలయానికి రెండు తీగచుట్టలు చుట్టి, మొదటి చుట్టలో విద్యుత్తును పెట్టినప్పుడు, తీసినప్పుడు రెండవ చుట్టలో క్షణకాలం విద్యుత్తు పుట్టడం గమనించాడు. నేటి తీగలేని ఛార్జర్ పని చేసేది ఈ సూత్రం మీదనే. బిళ్ళలో ఒక చుట్ట, ఫోనులో ఒక చుట్ట. 2010లో దీనికి 'చీ' అనే ప్రమాణం ఏర్పడింది. అయితే రెండు చుట్టలూ ఎదురెదురుగా కుదరకపోతే విద్యుత్తు సరిగా అందదు. రాత్రి ఫోను కాస్త పక్కకు జరిగితే తెల్లవారేసరికి బ్యాటరీ ఖాళీ!

ఈ చిక్కు తీర్చడానికి మళ్ళీ సూదంటురాయే దిక్కయింది. 2009లో పామ్ సంస్థ తన ఛార్జింగ్ దిమ్మెలో అయస్కాంతాలు పెట్టింది. 2020లో ఆపిల్ తన ఫోను వెనుక అయస్కాంతాలను వలయంగా పేర్చింది. 2023లో 'చీ2' ప్రమాణం అదే పద్ధతిని అందరికీ తెచ్చింది. వీటిలో వాడే నియోడిమియం మిశ్రమం 1980లలో జపాన్, అమెరికాలలో విడివిడిగా రూపొందినది. దీనికి పాతకాలపు ఇనుప పట్టీ రక్ష అవసరం లేదు.

మామయ్యగారి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఆ బిళ్ళలో ఇద్దరున్నారు. ప్లగ్గు తీస్తే ఫారడే నిద్రపోతాడు. గిల్బర్ట్ నిద్రపోడు.

పేస్‌మేకర్లు, డిఫిబ్రిలేటర్లు అయస్కాంతాన్ని గుర్తించేట్లు తయారు చేస్తారు. శస్త్రచికిత్స వంటి సమయాల్లో వైద్యులు పైన అయస్కాంతం ఉంచితే పేస్‌మేకర్ సాధారణంగా స్థిరమైన వేగానికి మారుతుంది, డిఫిబ్రిలేటర్ షాకులివ్వడం ఆపుతుంది. తీసేస్తే మామూలవుతుంది. 2021 జనవరిలో మిచిగాన్ వైద్యులు, ఐఫోన్ 12ను ఛాతీ దగ్గరకు తెస్తే డిఫిబ్రిలేటర్ అలాగే నిలిచిపోయిందని ప్రకటించారు. ఆ ఏడాది మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ముప్పు తక్కువేనంటూనే, ఇలాంటి పరికరాలను ఛాతీలోని యంత్రానికి ఆరు అంగుళాల దూరంలో ఉంచాలని, దాని పైనున్న జేబులో పెట్టుకోవద్దని చెప్పింది. ఛార్జి అవుతున్నప్పుడు ముప్ఫై సెంటీమీటర్లకు మించిన దూరం పాటించమని ఆపిల్ సలహా.

కనుక బిళ్ళకు సొరుగులో ఒక అర ప్రత్యేకించడం మేలు. గీత వెనుక నల్లటి పట్టీ ఉండే కార్డులు, ముఖ్యంగా హోటల్ గది తాళం కార్డులు, కీ ఇచ్చే చేతిగడియారాలు దాని పక్కన వద్దు. నాణేలు, తాళంచెవులు దానికి అతుక్కుని ఉండిపోతే, మళ్ళీ ప్లగ్గు పెట్టినప్పుడు వేడెక్కవచ్చు. తీగను బిళ్ళ చుట్టూ బిగించి చుట్టకుండా వదులుగా మడిస్తే మొదలు దగ్గర తెగదు.

మన తాతలు సూదంటురాయిని లోకం నుంచి కాపాడారు. మనం లోకాన్ని దాని నుంచి కాపాడుకోవలసి వస్తున్నది. చెక్కపెట్టె మాత్రం అప్పుడూ ఇప్పుడూ కావలసిందే.

మామయ్యగారు అంతా విని, బిళ్ళను జేబులోంచి తీసి పెట్టె అడుగున, పంచెల మధ్య పెట్టుకున్నారు. "ఇంత చిన్నదానికి ఇంత చరిత్రా!" అని నవ్వారు. బస్సు కదిలేదాకా నేను మాత్రం ఆయన జేబు వైపే చూస్తూ ఉన్నాను.