పందెపు కార్లు, పాత గడియారాలు: ఒక ఉమ్మడి చరిత్ర

1971లో ఇటలీలోని మోంజాలో జరిగిన గ్రాండ్ ప్రీ పోటీలో బ్రిటన్ డ్రైవర్ పీటర్ గెథిన్, స్వీడన్‌కు చెందిన రోనీ పీటర్సన్‌ను సెకనులో వందో వంతు తేడాతో ఓడించారు. మొదటి ఐదుగురి మధ్య అంతరం ఒక సెకను కూడా లేదు. ఇంతటి సూక్ష్మమైన తేడాలను పట్టుకోవలసిన అవసరమే మోటారు పందేలకూ గడియారాల తయారీకీ మధ్య విడదీయరాని బంధాన్ని ఏర్పరచింది. నాడు పనిముట్లుగా వాడిన గడియారాలే నేడు వేలంపాటల్లో కోట్ల రూపాయలు పలుకుతున్నాయి.

డయల్ అంచున వేగం లెక్క

వేళను చూపడంతో పాటు స్టాప్‌వాచ్‌గానూ పనిచేసే గడియారాన్ని క్రోనోగ్రాఫ్ అంటారు. పందేల కోసం చేసిన వాటిలో చాలావాటికి డయల్ చుట్టూ టాకీమీటర్ అనే అంకెల వరుస ఉంటుంది. ఒక కిలోమీటరు దాటడానికి పట్టిన సెకన్లతో 3,600ను భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగమో తెలుస్తుంది. ఆ భాగహారాన్ని టాకీమీటర్ ముందే చేసి పెడుతుంది. కిలోమీటరుకు 30 సెకన్లు పడితే ముల్లు 120 అంకె వద్ద ఆగుతుంది.

తప్పుగా చదివిన ఒక నిమిషం

స్విట్జర్లాండ్‌లో 1860లో ఎడ్వర్డ్ హోయర్ స్థాపించిన సంస్థ, 1916లోనే సెకనులో వందో వంతును కొలిచే స్టాప్‌వాచ్‌ను తయారుచేసింది. 1933లో కార్లు, విమానాల డాష్‌బోర్డుల కోసం ‘ఆటావియా’ను తెచ్చింది.

1958లో ఆ కుటుంబంలో నాలుగో తరానికి చెందిన జాక్ హోయర్ ఒక కారు ర్యాలీలో డ్రైవర్‌కు సహాయకుడిగా పాల్గొన్నారు. డాష్‌బోర్డు గడియారాన్ని ఆయన ఒక నిమిషం తప్పుగా చదవడంతో మొదటి స్థానం చేజారింది. కుదుపుల మధ్య ఒక్క చూపులో చదవలేని గడియారం ఎంత కచ్చితమైనదైనా నిష్ప్రయోజనమని ఆ ఓటమి నేర్పింది. 1963లో ఆయన రూపొందించిన ‘కరెరా’ చేతిగడియారం డయల్‌పై అనవసరమైన గీతలు లేవు. మెక్సికోలో 1950 నుంచి 1954 వరకు జరిగిన ప్రమాదకరమైన పందెం ‘కరెరా పనామెరికానా’ నుంచి దానికి ఆ పేరు వచ్చింది.

ఆదరణ లేని గడియారాలు

1969లో అదే సంస్థ చదరపు ఆకారంలో ‘మొనాకో’ను విడుదల చేసింది. 1971లో వచ్చిన ‘ల మాన్’ చిత్రంలో పందెపు డ్రైవర్ పాత్ర పోషించిన స్టీవ్ మెక్వీన్ దానిని ధరించారు. అయినా ఆనాడు దానికి గిరాకీ రాలేదు. కొన్నేళ్లకే తయారీ ఆగిపోయింది. ఫ్లోరిడాలోని పందెపు మైదానం పేరు పెట్టుకున్న రోలెక్స్ ‘డేటోనా’లోనూ, తర్వాత నటుడు పాల్ న్యూమన్ పేరుతో ప్రసిద్ధికెక్కిన డయల్ రకం మొదట్లో దుకాణాల్లో మూలుగుతూ ఉండేది.

ఇంతలో క్వార్ట్జ్ గడియారాలు, ఎలక్ట్రానిక్ పరికరాలు రంగప్రవేశం చేశాయి. 1997లో స్పెయిన్‌లోని హెరెజ్‌లో జరిగిన అర్హత పోటీలో విల్నవ్, షూమాకర్, ఫ్రెంట్‌జెన్ ముగ్గురూ సరిగ్గా 1 నిమిషం 21.072 సెకన్లే తీసుకున్నారు. సెకనులో వెయ్యో వంతు వరకు సాగిన ఆ లెక్క, మీట నొక్కే మనిషి వేలికి అందేది కాదు.

జ్ఞాపకానికి కట్టిన విలువ

పని పోయిన తరువాతే ఈ గడియారాలకు విలువ పెరిగింది. 1979లో ల మాన్ 24 గంటల పందెంలో తన జట్టుతో కలిసి రెండో స్థానం సాధించిన న్యూమన్‌కు, ఆయన భార్య బహూకరించిన డేటోనా 2017 అక్టోబరులో న్యూయార్క్‌లో 1.77 కోట్ల డాలర్లకు, అంటే అప్పటి లెక్కన సుమారు 115 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. ‘ల మాన్’ చిత్రీకరణలో వాడిన ఒక మొనాకో 2020 డిసెంబరులో 22 లక్షల డాలర్లు పలికింది.

ఈ ధర లోహానిది కాదు, చరిత్రది. అందుకే సేకర్తలు మెరుపు కన్నా నిజాయతీకి ప్రాధాన్యమిస్తారు. రంగు వెలిసినా అసలు డయలే కావాలంటారు. కొత్తగా రంగు పూసిన డయల్ విలువను తగ్గిస్తుంది. ఆ గడియారం ఎవరి చేతికి ఉండేదో చెప్పే ఛాయాచిత్రాలు, పత్రాలు యంత్రంతో సమానంగా విలువైనవి.