మందహెచ్చుల కొయ్యబొమ్మలు: కాటమరాజు కథకు దృశ్యరూపం

చేర్యాల నకాశీ కళపై వచ్చిన పరిశోధన అధికభాగం పటం చుట్టూనే తిరిగింది. ఆ నకాశీలే చెక్కి రంగులద్దిన కొయ్యబొమ్మలు పటానికి అనుబంధంగా మాత్రమే ప్రస్తావనకు వస్తున్నాయి. ఇది సరైన దృష్టి కాదు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే ఆశ్రితులైన మందహెచ్చులకు ఆధారం పటం కాదు, బొమ్మలే.

తెల్లపొణికి కర్రను చెక్కి, రంపపు పొట్టును చింతగింజల అంబలితో కలిపిన ముద్దతో ముఖకవళికలు తీర్చి, గుడ్డ అతికి, సుద్ద పూసి, ఆరిన తర్వాత రంగులు వేస్తారు. పొణికి తేలిక. ఊరూరా మోసుకు తిరిగేవారికి ఆ తేలికే ముఖ్యం. ఒక కథకు యాభైకి పైగా బొమ్మలు కావాలి మరి. పాత్ర ప్రవేశించినప్పుడల్లా కథకుడు దాని బొమ్మను సభకు చూపుతాడు. కాటమరాజు, గంగ, యాదవ వీరులు వరుసగా ప్రేక్షకుల ముందు నిలుస్తారు.

అమెరికా నైరుతి ప్రాంతపు హోపీల కట్సినా బొమ్మలతో పోలిక ఇక్కడ ఉపకరిస్తుంది. కాటన్‌వుడ్ వేరుతో చెక్కిన ఆ బొమ్మలను ఉత్సవాలలో కట్సినా వేషధారులు బాలికలకు ఇస్తారు. ఇంట్లో వేలాడే ఆ బొమ్మ వల్ల పిల్లలు దివ్యరూపాలను గుర్తుపట్టడం నేర్చుకుంటారు. ఫ్యూక్స్ 1894లోనే వాటిపై ప్రత్యేక రచన వెలువరించాడు. రెండుచోట్లా బొమ్మ ఆటవస్తువు కాదు, జ్ఞాపక సాధనం. అయితే హోపీ బొమ్మ ఇంటికి చేరుతుంది. మందహెచ్చు బొమ్మ కథకుని పెట్టెలోనే ఉంటుంది. గొల్లలు దానిని కథ జరిగినంతసేపే చూస్తారు. కథకుడు రాకపోతే బొమ్మా లేదు.

అంగడికి చేరిన బొమ్మ స్థితి వేరు. అది ఒంటరిగా అమ్ముడవుతుంది. పక్కన ఎవరు నిలవాలో, ఎవరి తర్వాత రావాలో తెలిపే వరుస అక్కడ ఉండదు. ప్రదర్శనశాలలో ఒక్కొక్క బొమ్మకు వేరువేరు చీటీ తగిలించడం కూడా దాదాపు ఇంతే.

కథలోని వివాదం పచ్చిక గురించినది. కరవు వల్ల మందలను నెల్లూరు సీమకు తోలుకువచ్చిన కాటమరాజుకూ నల్లసిద్ధికీ పుల్లరి దగ్గర తగవు పుట్టి, ఎర్రగడ్డపాటి యుద్ధానికి దారితీసింది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని రామగుండం, గోదావరిఖని పరిసరాలలో సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు పొలాలతోపాటు బీళ్లనూ తీసుకున్నాయి. మందను హెచ్చించేవారన్నది మందహెచ్చు పదానికి చెప్పే వ్యుత్పత్తి. మేపడానికి బీడు లేనిచోట మంద తగ్గుతుంది. మంద తగ్గిన గొల్ల ఇంటి ముందు ఈ పెట్టె విప్పించేవారూ తగ్గుతారు.