రంగుల విభజన, సిరా అమరికలు (ముద్రణ)

రంగుల బొమ్మను అచ్చువేయడానికి వీలుగా సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ అనే నాలుగు సిరాల పాళ్లుగా విడదీయడమే రంగుల విభజన. ప్రెస్సుల్లో దీన్ని ‘సెపరేషన్’ అనే అంటారు. ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు తయారవుతుంది. నాలుగూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడితేనే బొమ్మ బొమ్మలా కనిపిస్తుంది. ఏ చోట ఎంత సిరా పడాలి, మొత్తం ఎంతకు మించకూడదు, అందులో నలుపు వాటా ఎంత, కాగితం మీద పడ్డాక చుక్క ఎంత ఉబ్బుతుంది అనే లెక్కలు సిరా అమరికలు. డీటీపీ సెంటర్లలో చాలామంది ఈ లెక్కలను కంప్యూటర్ తెర చూసి తేలుస్తారు. నిజానికి అవి తేలవలసింది కాగితం దగ్గర.

కాగితానికీ కాగితానికీ ఉండే తేడా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో బాగా కనిపిస్తుంది. గోదావరి ఒడ్డున సారపాకలో నున్నటి ప్యాకింగ్ అట్ట తయారవుతుంది. జిల్లా కేంద్రంలోని చిన్న ప్రెస్సుల్లో కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, వాల్‌పోస్టర్లు అచ్చవుతాయి. పొద్దున్నే దినపత్రికలు న్యూస్‌ప్రింట్ మీద వస్తాయి. ఒకే ఫొటోను ఈ మూడింటి మీదా అచ్చువేయాలంటే మూడు సెపరేషన్లు కావాలి.

విభజన జరిగే తీరు

మూడు రంగులతో అన్ని రంగులూ తేవచ్చన్న ఆలోచన పాతదే. జాకబ్ క్రిస్టఫ్ లె బ్లాన్ 18వ శతాబ్దం మొదట్లోనే వేర్వేరు రాగి రేకులతో రంగుల బొమ్మలు అచ్చువేసి, 1719లో ఇంగ్లండులో పేటెంట్ పొందాడు. 1861లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల ద్వారా తీయించిన మూడు ఫొటోలను తెర మీద కలిపి రంగుల బొమ్మ చూపించాడు. ప్రాసెస్ కెమెరాల కాలంలో ప్రెస్సులు నడిచింది ఈ సూత్రం మీదే. ఎరుపు ఫిల్టర్‌తో తీసిన నెగటివ్ నుంచి సయాన్ ప్లేటు, ఆకుపచ్చతో మెజెంటా, నీలంతో ఎల్లో తయారయ్యేవి. తర్వాత డ్రమ్ స్కానర్లు వచ్చాయి. 1990లో ఫొటోషాప్ వచ్చాక ఈ పని మెల్లగా బల్ల మీది కంప్యూటర్‌కు చేరింది. ఇప్పుడు చాలాచోట్ల ఫిల్మ్ కూడా లేదు, ఫైలు నేరుగా ప్లేటు మీదికే ఎక్కుతుంది.

సిరాను యంత్రం పలచన చేయలేదు, పడితే పూర్తిగా పడుతుంది, లేకపోతే లేదు. అందుకే లేత రంగును చిన్న చుక్కలుగా, ముదురు రంగును పెద్ద చుక్కలుగా మార్చాలి. నాలుగు రంగుల చుక్కల వరసలు ఒకే వాలులో ఉంటే బొమ్మ మీద అలలు తేలతాయి, దీన్నే మోయిరే అంటారు. అందుకని బ్లాక్‌ను 45 డిగ్రీలు, సయాన్‌ను 15, మెజెంటాను 75, ఎల్లోను 0 డిగ్రీల కోణంలో ఉంచడం ఆనవాయితీ. ఎల్లో కంటికి అంతగా ఆనదు కాబట్టి పక్క రంగుకు 15 డిగ్రీల దూరంలోనే ఉన్నా ఇబ్బంది కనిపించదు.

బొగ్గు ఫొటో

సింగరేణి కాలరీస్ కంపెనీ ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు కుప్ప ముందు నిలబడ్డ కార్మికుడి ఫొటో ఇక్కడి పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. సెపరేషన్‌కు ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు. సగం ఫొటో చిక్కటి నలుపు, ఆ నలుపులోనే బొగ్గు పెళ్లల మెరుపు, మధ్యలో మనిషి ముఖం.

ఆ నలుపులో అన్నిటికంటే చీకటి చోటును ఫొటోషాప్‌లో అమెరికన్ ముద్రణ ప్రమాణమైన స్వాప్ ప్రొఫైల్‌తో మారిస్తే సయాన్ 75, మెజెంటా 68, ఎల్లో 67, బ్లాక్ 90 శాతం వస్తాయి. కలిపితే 300. మెరుపు ఆర్ట్ పేపర్‌కు ఇది సరిపోతుంది, మంచి పూత ఉన్న కాగితం 330 వరకు కూడా మోస్తుంది. న్యూస్‌ప్రింట్ సంగతి వేరు. పత్రికల సిరా వేడికి ఆరేది కాదు, కాగితంలోకి ఇంకవలసిందే. 300 శాతం సిరా పోస్తే ఇంకడానికి చోటుండదు. ఎదురు పేజీకి అంటుకుంటుంది, కాగితం వెనకవైపుకు కనిపిస్తుంది, చదివేవాళ్ల వేళ్లకు నలుపు అంటుతుంది. అందుకే పత్రికల్లో మొత్తం సిరాను 240 శాతం దగ్గర ఆపుతారు. అదే చీకటి చోటు అప్పుడు సయాన్ 55, మెజెంటా 45, ఎల్లో 45, బ్లాక్ 95గా మారవచ్చు. మొత్తం 240. అందులో మూడు రంగులు తగ్గాయి, నలుపు పెరిగింది.

ఇలా మార్చడానికి రెండు పద్ధతులున్నాయి. యూసీఆర్ పద్ధతిలో నలుపు, ముదురు బూడిద ఉన్న చోట్ల మాత్రమే మూడు రంగులు తీసి నల్ల సిరా పెడతారు. జీసీఆర్‌లో మూడు రంగులూ కలిసి బూడిద తయారయ్యే ప్రతిచోటా, రంగుల భాగాల్లో కూడా, ఆ బూడిద వాటాను నలుపుకు ఇస్తారు. జీసీఆర్ ఎక్కువ పెడితే అచ్చు నిలకడగా ఉంటుంది. యంత్రం మీద సయాన్ కాస్త పెరిగినా బొగ్గు నీలంగా మారదు, మెజెంటా పెరిగితే గోధుమరంగుకూ తిరగదు. కానీ అదే అమరిక కార్మికుడి ముఖానికి చేటు చేస్తుంది. చర్మం రంగులోకి నలుపు తొందరగా వచ్చేస్తే ముఖం మీద మసి చుక్కలు పొడుస్తాయి. జీసీఆర్ స్థాయిల్లో ముఖం ఉన్న ఫొటోకు లైట్ లేదా మీడియం, మనుషులు లేని గని దృశ్యానికి హెవీ పెట్టుకోవడం నయం. మ్యాగ్జిమమ్ జోలికి మామూలు ఫొటోలతో వెళ్లనక్కర్లేదు.

ఈ అమరికలన్నీ ఫొటోషాప్ కలర్ సెట్టింగ్స్‌లోని కస్టమ్ సీఎంవైకే పెట్టెలో ఉంటాయి. అది తెరవగానే కనిపించే అంకెలు డాట్ గెయిన్ 20 శాతం, జీసీఆర్ మీడియం, బ్లాక్ పరిమితి 100, మొత్తం సిరా 300. వీటిని తాకకుండానే పత్రికకు ప్రకటన పంపేవాళ్లు ఎందరో. ప్రెస్సు వాళ్లు తమ ఐసీసీ ప్రొఫైల్ ఇస్తే ఈ పెట్టెతో పని లేదు, ఆ ప్రొఫైల్‌లోనే అన్నీ ఇమిడి ఉంటాయి. కాబట్టి రంగు మార్చే ముందు ప్రెస్సుకు ఫోన్ చేసి అడగాలి.

చుక్క ఉబ్బడం

ప్లేటు మీద 50 శాతం ఉన్న చుక్క పూత కాగితం మీద 63 నుంచి 66 శాతంలా, న్యూస్‌ప్రింట్ మీద 76 శాతం దాకా కనిపిస్తుంది. దీన్నే డాట్ గెయిన్ అంటారు. ఐఎస్ఓ 12647 ప్రమాణాలు కాగితం రకాన్ని బట్టి ఈ అంకెలను చెబుతాయి. ప్లేటు తయారుచేసే యంత్రంలోని కర్వ్ ఈ ఉబ్బును ముందే తగ్గిస్తుంది. డిజైనర్ కూడా ‘అచ్చులో ముదురొస్తుంది’ అని బొమ్మను లేత చేసి పంపితే రెండుసార్లు తగ్గించినట్టవుతుంది. పెళ్లి ఆల్బమ్‌లో మెరిసిన ముఖం కరపత్రంలో పాలిపోవడం వెనుక చాలాసార్లు ఉండేది ఇదే.

బూడిద రంగు తూకం కూడా కాగితం మీదే తేలుతుంది. సయాన్ 50, మెజెంటా 40, ఎల్లో 40 కలిస్తే కంటికి బూడిదగా ఉంటుంది. మూడూ సమానంగా వేస్తే గోధుమరంగుకు తిరుగుతుంది, ఎందుకంటే సయాన్ సిరా ఎరుపును తప్ప మరేమీ పీల్చనంత స్వచ్ఛమైనది కాదు.

రాముడి నీలం, గులాల్ తలంబ్రాలు

శ్రీరామనవమి ముందు భద్రాచలం కళ్యాణం పోస్టర్లు జిల్లా అంతా అంటిస్తారు. వాటిలో మొదట దెబ్బతినేది రాముడి ఒంటి రంగు. సిద్ధాంతం ప్రకారం సయాన్ 100, మెజెంటా 100 నీలం కావాలి, అచ్చులో అది ఊదాగా వస్తుంది. నీలం నీలంగా నిలవాలంటే మెజెంటాను సయాన్ కంటే కనీసం 30 శాతం తక్కువలో ఉంచాలని ప్రెస్సుల్లో అనుభవజ్ఞులు చెబుతారు. కొద్దిగా ఎల్లో కలిస్తే మేఘవర్ణం వస్తుంది, అదే ఎల్లో ఎక్కువైతే పచ్చబారుతుంది. తెర మీద మెరిసే ఆర్‌జీబీ నీలం మాత్రం ఏ పాళ్లతోనూ రాదు, అది నాలుగు సిరాల పరిధికి బయట ఉంది.

భద్రాచలంలో తలంబ్రాలకు గులాల్ కలపడం ఆచారం. ఆ గులాబీ రంగును పట్టుకోవడం ఇంకా కష్టం. పూర్తి మెజెంటా దానికి దగ్గరగా వెళ్తుంది గానీ, పొడిలో ఉండే ఆ వెలుగు రాదు. ఖర్చుకు వెనకాడనివాళ్లు ఐదో ప్లేటు మీద ఫ్లోరసెంట్ గులాబీ సిరా వేయించుకుంటారు.

తెలుగు అక్షరం

తలకట్టు, సుడి, కింద వత్తు ఉన్న తెలుగు అక్షరానికి అచ్చులో ఇబ్బంది ఎక్కువ. చిన్న సైజు నల్ల అక్షరాలు బ్లాక్ ప్లేటులో మాత్రమే ఉండాలి, కింది రంగును తొలగించకుండా దాని మీదే పడేలా ఓవర్‌ప్రింట్ పెట్టి ఉండాలి. వర్డ్ నుంచి తెచ్చి అతికించిన మ్యాటర్ ఆర్‌జీబీ నలుపుతో వస్తుంది, మార్చగానే నాలుగు ప్లేట్లలోకీ చేరుతుంది. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా వత్తుల చుట్టూ ఎర్రటి, నీలపు అంచులు తేలతాయి. రంగుల నేపథ్యంలో తెల్లగా వదిలిన అక్షరాలైతే మరీ ఘోరం, ‘క్ష్మి’ లాంటి వాటిలోని ఖాళీలు సిరాతో పూడిపోతాయి. అక్కడ లావు ఫాంటు వాడి, నేపథ్యంలో రంగులను రెండుకు తగ్గించడం మేలు.

అను ఫాంట్లతో చేసిన పేజీని ఊరు దాటించేటప్పుడు కర్వ్స్ చేసి, అంటే అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చి పంపుతారు. అవతల ఫాంటు లేకపోయినా అక్షరం చెదరదు. అలా కర్వ్స్ చేశాక రంగు మరోసారి చూసుకోవాలి. ‘రిజిస్ట్రేషన్’ అనే రంగు తెర మీద నలుపులాగే ఉంటుంది, అది మాత్రం నాలుగు ప్లేట్లలోనూ 100 శాతం పడుతుంది. ప్లేట్లు సరిచూసే గుర్తులకు తప్ప దాన్ని వాడకూడదు.

సారపాక అట్ట

భద్రాచలం నుంచి వంతెన దాటితే సారపాక. 1975లో ఏర్పాటైన భద్రాచలం పేపర్‌బోర్డ్స్ ఇక్కడ 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2002లో ఐటీసీలో కలిసింది. చుట్టుపక్కల రైతులు పెంచే జామాయిల్, సుబాబుల్ దీనికి ముడిసరుకు. మందుల డబ్బాలు, సబ్బు పెట్టెలు, ఆహార పదార్థాల ప్యాకెట్లు ఇలాంటి అట్టతోనే చేస్తారు.

పూత ఉన్న అట్టలో సిరా లోపలికి ఇంకదు, పైనే నిలుస్తుంది. చుక్క పదునుగా, రంగు నిండుగా వస్తుంది. పూత లేని వెనకవైపున అదే ప్లేటు వేస్తే చుక్క ఉబ్బి రంగు మందగిస్తుంది, కాబట్టి లోపలి ముద్రణకు వేరే ప్రొఫైల్ కావాలి. కంపెనీల గుర్తు రంగును నాలుగు చుక్కలతో కూర్చరు, ముందే కలిపిన స్పాట్ సిరా వాడతారు, లక్షల డబ్బాల్లో ఒక్క ఛాయ కూడా మారకూడదు గనక. మడత గీతల మీద సిరా మందంగా ఉంటే అట్ట వంగినప్పుడు రంగు పగిలి తెలుపు కనిపిస్తుంది. జిగురు అంటించే చెవి మీద సిరా గానీ వార్నిష్ గానీ పడకూడదు, పడితే డబ్బా విచ్చుకుంటుంది.

ఎండా వానా

ఆఫ్‌సెట్ ముద్రణలో సిరాతోపాటు నీళ్లు కూడా ప్లేటు మీద తిరుగుతాయి. గదిలో గాలి తేమ 50, 55 శాతం దగ్గర ఉంటే కాగితం స్థిమితంగా ఉంటుంది. కొత్తగూడెంలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, ఏసీ లేని ప్రెస్సులో సిరా పలచబడి ప్లేటులోని ఖాళీ భాగాలు కూడా మురికిపడతాయి. వర్షాకాలంలో కాగితం తేమ పీల్చి పోగుకు అడ్డంగా సాగుతుంది, మొదటి రంగు పడ్డ చోట నాలుగో రంగు పడదు. ఆ రోజుల్లో జీసీఆర్ ఒక మెట్టు పెంచితే ప్లేట్ల జరుగుబాటు అంతగా కనబడదు. ఆరడమూ ఆలస్యమవుతుంది గనక ఆర్ట్ పేపర్ పనిలో మొత్తం సిరాను 280కి దించుకోవడం మంచిది.

ఈ నాలుగు రంగుల లెక్కలతో పోలిస్తే శుభలేఖల పని వేరు. బొమ్మలతో ముందే అచ్చయిన కార్డులు బయట ఊళ్ల నుంచి వస్తాయి, పేర్లూ ముహూర్తమూ ఇక్కడ స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒకటి రెండు రంగుల్లో పడతాయి. అక్కడ సెపరేషన్ అంటే బంగారు రంగుకు ఒక పాజిటివ్, ఎరుపుకు ఒకటి. ఫ్లెక్సీ యంత్రాలు సిరా పరిమితిని తమ సాఫ్ట్‌వేర్‌లోనే చూసుకుంటాయి.