లె షాంబోవారి శరణాగతరక్షణము

ఫ్రాన్సుదేశపు దక్షిణమధ్యభాగమునఁ గొండలపై లె షాంబో సూర్ లిన్యో అను గ్రామము కలదు. 1940లో జర్మనీ ఫ్రాన్సును జయించిన పిదప, అచటి ప్రొటెస్టంటు క్రైస్తవులును బొరుగుపల్లెలవారును పాఱివచ్చినవారి నింటింట దాఁచిరి. శరణార్థులు 5000 మంది యని ప్రసిద్ధి. వారందఱును యూదులు కారు. యూదులు 3000 మొదలు 3500 వఱకు నుందురని యంచనా.

దీనికిఁ గరుణ యొక్కటియే కారణమనుట చాలదని నా తలంపు. ఆరాధనాస్వాతంత్ర్య మొసఁగిన నాంటు శాసనమును 1685లో పదునాలుగవ లూయీ రద్దుచేయఁగా, వీరి పూర్వులు రహస్యముగాఁ గూడి ప్రార్థనలు సలిపినవారు. ఆ స్మృతి యిండ్లలో మాసిపోలేదు. కావుననే దొంగ గుర్తింపుపత్రములు సిద్ధపఱచుటయు, పరులను మఱుఁగుపఱచుటయు వీరికిఁ బాపముగాఁ దోఁపలేదు.

1942 ఆగస్టున విషీ ప్రభుత్వపు రక్షకభటులు బస్సులతో వచ్చి యూదుల పట్టికను గోరఁగా, పాస్టరు ఆంద్రే త్రోక్మే యీయ నిరాకరించెను. భటులు వెదకునంతకాలము దాఁగినవారు పొలములలోను అడవులలోను గడపిరి; కొందఱు సరిహద్దు దాఁటి స్విట్జర్లాండు చేరిరి. అయినను రక్షణ మెల్లప్పుడు ఫలింపలేదు. 1943 జూన్ 29న జర్మనులొక విద్యార్థివసతిగృహముపైఁ బడి పెక్కుమందిని గొనిపోయిరి. పాస్టరుగారి బంధువును, ఆ గృహపాలకుఁడునైన దనియేల్ త్రోక్మేయును వారితోఁ బట్టువడి, 1944లో మైదానెక్ శిబిరమున మృతినొందెను.